ఒక్క గంట పని

ఆ ఏడాది ఆకులు రాలే రోజుల్లో మా ఊళ్ళో ఉద్యోగాలు పెరిగాయి. ఈ మాట నాది కాదు, రాజధానిలో అచ్చయి వచ్చిన రంగుల పుస్తకానిది. కోత మిల్లు మూతపడి అప్పటికి మూడేళ్ళు. గేటు తాళం తుప్పు పట్టింది, దాని చెవి ఎవరి దగ్గరుందో కూడా అందరూ మర్చిపోయారు. రోజుకు ఆరుసార్లు వచ్చే బస్సు ఒక్కసారికి దిగింది. అలాంటి ఊళ్ళో ఉద్యోగాలు పెరిగాయని వీధిలో నిలబడి ఎవరైనా అంటే, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం. అదే మాట నాలుగు గీతలు గీసి పుస్తకంలో వేస్తే నిపుణుడంటాం. ఆ పుస్తకానికి ఇల్లిల్లూ తిరిగి లెక్కలు మోసుకొచ్చింది నేనే. అందుకే నా కోపం సగం వాళ్ళ మీద, సగం నా మీద.

ఇంట్లో మేం ముగ్గురం. నాన్న మిల్లులో రంపాల గదికి మేస్త్రి. ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు అక్కడి ప్రతి రంపానికీ ఆయనే సాన పట్టాడు. ఊళ్ళో అందరూ సాన మేస్త్రి అనే పిలుస్తారు. ఇంటికి మేస్త్రి మా అమ్మ. నేను మిల్లు గేటు దగ్గర కూర్చుని లోపలికొచ్చే కలప లారీల చిట్టా రాసేదాన్ని. మిల్లు పోయాక నాన్నకు మిల్లు భత్యం వచ్చేది. మా ఉత్తర మండలంలో యాభై దాటినవాడికి వేరే పని దొరకదని సర్కారే ఒప్పుకుని, పెన్షన్ అందేదాకా ఇచ్చే భత్యం అది. మా పొయ్యి దాని మీదే వెలిగేది. నాన్న పెన్షన్‌కు ఇంకా మూడేళ్ళుంది.

ఉపాధి సర్వేకు నన్ను తీసుకున్నట్టు కాగితం వచ్చిన రోజు అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఎన్నాళ్ళే?"

"పది వారాలు."

"పదకొండో వారం?"

"మళ్ళీ నీ వంటింట్లోనే."

"అయితే ఆ వారం ఉల్లిపాయలు కూడా ఇప్పుడే తరిగిపెట్టి పో," అంది. కానీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇంట్లో ఒకరు పొద్దున్నే తల దువ్వుకుని బయటికి వెళ్ళి చాలా కాలమైంది.

శిక్షణ జిల్లా కేంద్రంలో, ఒక బడి గదిలో జరిగింది. చిన్నపిల్లల బల్లల్లో మోకాళ్ళు ముడుచుకుని పన్నెండు మందిమి కూర్చున్నాం. మా సూపర్‌వైజర్ సన్నగా, మెడదాకా గుండీలు పెట్టుకుని, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే మనిషి. తలకొక ట్యాబ్ ఇచ్చాడు. ప్రశ్నలు చాలానే ఉన్నాయి గానీ, అసలు ప్రశ్న ఒక్కటే. గత ఏడు రోజుల్లో డబ్బుకు గానీ, వస్తువుకు గానీ కనీసం ఒక్క గంట పని చేశారా? చేశానంటే 'ఉపాధి ఉంది' అని నొక్కాలి. పచ్చ టిక్కు వస్తుంది. చేయలేదంటే ఎర్ర గుర్తు.

"సార్, వారం మొత్తానికి ఒక్క గంట చేసినా ఉద్యోగం ఉన్నట్టేనా?" అని అడిగాను.

"నిర్వచనం అంతేనమ్మా. అన్ని దేశాలకూ అదే."

"అయితే వారానికి ఒక ముద్ద తిన్నవాడికి కడుపు నిండినట్టే కదా సార్?"

గదంతా నవ్వింది. సూపర్‌వైజర్ కూడా నవ్వి, "మీరు ఎక్కువ ఆలోచించకండి. వాళ్ళు ఏం చెబితే అది నొక్కండి," అన్నాడు. నేను నా చమత్కారానికి నేనే మురిసిపోయి కూర్చున్నాను. అడగాల్సిన ప్రశ్నను నవ్వులాటకు ఖర్చు చేసేశానని అప్పుడు తట్టలేదు.

మా ఊరివాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. మిల్లు నడిచిన రోజుల్లో షిఫ్టు దిగేవాడు షిఫ్టు ఎక్కేవాణ్ణి "చేతిలో పనుందా?" అని పలకరించేవాడు. "ఉంది" అన్నది జవాబు. మిల్లు పోయినా పలకరింపు పోలేదు, జవాబూ మారలేదు. లేదు అని నోటితో అనడం మా వాళ్ళకు నలుగురిలో చొక్కా విప్పి నిలబడటంతో సమానం. నిజానికి ఎవరూ ఖాళీగా కూర్చోలేదు కూడా. బదులు పని మొదలుపెట్టుకున్నారు. నువ్వు నా కట్టెలు చీలిస్తే నేను నీ పొగగొట్టం బాగుచేస్తాను. నువ్వు నా కోటు కుడితే నేను నీ గొడ్డలికి పిడి వేస్తాను. డబ్బు ఎవరి దగ్గరా లేదు కాబట్టి ఎవరూ ఎవరినీ అడగలేదు. మునిగిపోతున్నవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నట్టు అందరూ తేలుతున్నారు. అది ఉద్యోగం కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ట్యాబ్‌కు తెలియదు.

మొదటి రోజే ఫోర్‌మన్ బాబాయ్ ఇంటికి వెళ్ళాను. సొంత బాబాయ్ కాదు, నాన్నతో కలిసి మిల్లులో చేరినవాడు. నన్ను చూడగానే లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"రాసుకో అమ్మాయ్. ఫోర్‌మన్ చేతిలో పనుంది, రాసుకో."

"ఏం పని బాబాయ్?"

"సోమవారం ఒక ఇంటి కప్పు రేకులు బిగించా."

"అది మా ఇల్లే కదా!"

"మీ ఇల్లయితే? రేకులు వాటంతటవే ఎక్కి కూర్చున్నాయా?"

"దానికి ఏమిచ్చారు?"

"మీ నాన్న నా రంపానికీ గొడ్డలికీ సాన పట్టాడు. వస్తువు రూపంలో అని ఉందిగా మీ కాగితంలో? ఉందా లేదా?"

పక్కగదిలో పిన్ని దగ్గుతోంది. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు, గది వెచ్చగా లేకపోతే రాత్రంతా ఎగపోస్తుంది. పొయ్యి పక్కన కట్టెల పెట్టెలో అడుగు కనిపిస్తోంది. బాబాయ్ ఆ పెట్టెకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు, నేను చూడకూడదని. నేను చూడనట్టే ఉన్నాను. పచ్చ టిక్కు నొక్కాను. ఆయన ఒక పెద్ద బరువు దించుకున్నవాడిలా నవ్వి, వద్దన్నా వినకుండా టీ ఇచ్చాడు.

అక్కడినుంచి అన్ని ఇళ్ళలోనూ అదే వరస. క్రేను నడిపిన ఆయన పక్కింటి ముసలావిడకు బస్సుస్టాపు దాకా సామాను మోశాడు, ఆవిడ రెండు జతల మేజోళ్ళు అల్లిచ్చింది. ఉపాధి ఉంది. మిల్లు క్యాంటీన్‌లో వండిన ఆవిడ ఒక పురిటింట్లో మూడు పూటలు వంట చేసింది, వాళ్ళు సగం బస్తా బంగాళాదుంపలిచ్చారు. ఉపాధి ఉంది. ఇద్దరు ముగ్గురు తటపటాయిస్తే, "కాస్త గుర్తు తెచ్చుకోండి, ఏదో ఒకటి చేసే ఉంటారు," అని నేనే అందించాను. ఎందుకంటే ఎర్ర గుర్తు నొక్కేటప్పుడు వాళ్ళ కళ్ళు నా వేలి మీదే ఉండేవి. పరువు నిలబెడుతున్నాననుకున్నాను. ఇంటికొచ్చి అమ్మతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

సొంత ఇంటి లెక్క ఇంకొకరు రాయాలని రూలు. మా వీధికి రావాల్సిన అమ్మాయి రెండో వారమే మానేసింది. ఫోన్ చేస్తే సూపర్‌వైజర్, "మీరే కానిచ్చేయండమ్మా," అన్నాడు. కానిచ్చేశాను.

నాన్న పెరటి కొట్టంలో ఉన్నాడు. వైస్‌లో పక్కింటి అత్తయ్య రంపం బిగించి, ఆకురాయితో ఒక్కో పన్నూ రాస్తున్నాడు. ఆయన రాసేటప్పుడు వచ్చే చప్పుడుకు ఒక లెక్కుంటుంది, మూడు పొడుగు, ఒకటి పొట్టి. చిన్నప్పటినుంచీ ఆ చప్పుడు వింటూ చదువుకున్నాను, వింటూ నిద్రపోయాను.

"గత ఏడు రోజుల్లో మీరు డబ్బుకు గానీ, వస్తువుకు గానీ..."

"మీరేంటే?" అన్నాడు నాన్న.

"ఆఫీసు భాష నాన్నా. జవాబు చెప్పు."

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని, మేనేజర్ ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. "చేశాను."

"ఎన్ని గంటలు?"

"నాలుగు. కాదు, ఐదు వెయ్యి. చెల్లెమ్మ రంపం మొండిది, సగం పళ్ళు ఒకవైపే వంగాయి."

"ప్రతిఫలం?"

"గుడ్లిచ్చింది. వద్దంటే వింటుందా?"

రెండు గడులూ తెర మీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నాన్న నా వేలికేసి చూస్తున్నాడు. పైది నొక్కాను.

"ఏమొచ్చింది?"

"పచ్చది."

"పచ్చదంటే మంచిదేగా?"

"మంచిదే నాన్నా."

ఆయన మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. నేను తరువాతి ఇంటికి వెళ్ళాను.

పది వారాలు అయిపోయాయి. ట్యాబ్ తిరిగిచ్చేసి వంటింట్లో పడ్డాను. ఇంకో నెలకు రాజధాని నుంచి ఒకాయన వస్తున్నాడని, ఉత్తర మండలం ఆర్థిక పరిస్థితి మీద మాట్లాడతాడని ఊరంతా కాగితాలు అంటించారు. సభ ఎక్కడో కాదు, మూతపడ్డ మిల్లు క్యాంటీన్‌లోనే. తాళం చెవి దొరకలేదు, తాళం పగలగొట్టారు. మూడేళ్ళ తర్వాత ఆ తలుపు తెరిచింది ఉద్యోగాలు పెరిగాయని చెప్పడానికి!

వచ్చినాయన తెల్లటి తెర మీద గ్రాఫ్ వేశాడు. అది ఎడమవైపు నేల మీద పాకి, కుడివైపుకొచ్చేసరికి ఒక్కసారిగా లేచి నిలబడింది. ఊరు ఆయనకు అప్పుడే గ్రాఫాయన అని పేరు పెట్టేసింది.

"ఉత్తరం నిద్ర లేచింది," అన్నాడు గ్రాఫాయన. "మండలంలో అన్నిటికంటే వేగంగా ఉపాధి పెరిగిన ఊరు మీదే. మీకు మీరే చప్పట్లు కొట్టుకోండి."

కొందరు కొట్టారు. ఫోర్‌మన్ బాబాయ్ చెయ్యెత్తాడు. "అయ్యా, ఆ పెరిగిన ఉద్యోగాలు ఏ వీధిలో ఉన్నాయో చెబితే రేపు పొద్దున్నే పోయి గేటు దగ్గర నిలబడతాం."

క్యాంటీన్ గొల్లుమంది. గ్రాఫాయన ఏమాత్రం తొణకలేదు. "బయట ఎక్కడా వెతకక్కర్లేదండీ. మీలోనే ఉన్నాయి. మీరంతా స్వయం ఉపాధిలోకి వచ్చేశారు. ఇదిగో చూడండి, రంపాలకు సాన పట్టడం, పొయ్యిల మరమ్మతు, కుట్టుపని... చిరు సేవల రంగం మూడింతలైంది. సమాచార సేవల్లో కూడా పన్నెండు కొత్త ఉద్యోగాలొచ్చాయి."

ఆ పన్నెండు మేమే. ఇల్లిల్లూ తిరిగి ట్యాబ్ నొక్కిన పన్నెండు మందిమి. ఆ ఉద్యోగాలు నెల కిందటే పోయాయి, గ్రాఫ్‌లో మాత్రం ఇంకా జీతం తీసుకుంటున్నాం. నాకు అక్కడే అరికాలి మంట నెత్తికెక్కాల్సింది. ఎక్కలేదు, ఎందుకంటే నేను నాన్నను చూస్తున్నాను. తన పని పేరు అంత పెద్ద అక్షరాల్లో తెర మీద కనపడేసరికి ఆయన వెన్ను నిటారైంది. నా వైపు తిరిగి మీసాల్లోంచి నవ్వాడు. మిల్లు పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు కోసం నేను కూడా చప్పట్లు కొట్టాను. ఇవాళ ఆ చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

వారం తిరక్కుండా ఉత్తరాలొచ్చాయి. ఒకే రోజున, ఒకే రంగు కవర్లలో, యాభై దాటినవాళ్ళు ఉన్న ప్రతి ఇంటికీ. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. "మండలంలో ఉపాధి పరిస్థితి గణనీయంగా మెరుగుపడినందున, పని దొరకని మండలాల జాబితా నుంచి దానిని తొలగించడమైనది. కావున వచ్చే నెల మొదలు మిల్లు భత్యం నిలిపివేయబడును." చదివి, కళ్ళజోడు తీసి, "మెరుగుపడిందట. ఎవరికట?" అంది.

నాన్న ఉత్తరం తీసుకుని మడతలు సరిచేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి నాకు అంతా తెలిసింది. ఎవరి వేలు ఎక్కడ నొక్కితే ఏ పొయ్యి ఆరుతుందో తెలిసింది. గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మర్నాడు ఆ ఒక్క బస్సూ పట్టుకుని జిల్లా కేంద్రానికి పోయాను. సూపర్‌వైజర్ కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"అది ఉద్యోగం కాదు సార్. మా నాన్న పక్కింటావిడ రంపానికి సాన పట్టి నాలుగు గుడ్లు తెచ్చుకున్నాడు. దాన్ని పట్టుకుని మీరు ఆయన భత్యం కోసేశారు."

"మేం కోయలేదమ్మా. అది భత్యం శాఖ. మేం లెక్కలు ఇస్తాం, అంతే."

"కాకి లెక్కలు ఇస్తారు."

"లెక్కలు మీరు తెచ్చినవే కదమ్మా," అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. "రెండు వందల పదహారు ఇళ్ళు, అన్నిటి మీదా మీ గుర్తింపు సంఖ్యే ఉంది. ఒక్క ఊళ్ళో అన్ని పచ్చ టిక్కులు ఎక్కడా రాలేదు. మీ పని బాగుందని నేను పైకి రాశాను కూడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క గంట పనిని ఉద్యోగమంటారా మీరు? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి."

"నేననడం లేదు. నిర్వచనం అంటోంది."

"అయితే ఆ నిర్వచనాన్ని మా ఊరు పంపించండి. ఈ చలికాలం మా పొయ్యిలు అదే వెలిగిస్తుంది."

ఆయన కాసేపు బల్ల మీది పెన్నును అటూ ఇటూ జరిపాడు. చెడ్డవాడైతే తిట్టి వచ్చేసేదాన్ని. చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చివరికి సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. ఒకే ఊరి నుంచి నలభై మంది స్వయంగా వచ్చి, సర్వేలో తాము చెప్పింది తప్పని, తమ చేతిలో ఏ పనీ లేదని సంతకం పెడితే, ఆ ఊరికి లెక్క మళ్ళీ చూస్తారట. అప్పటిదాకా సంతకం పెట్టినవాళ్ళకు భత్యం ఆపరు.

"కానీ ఒకటమ్మా. సంతకం పెట్టాక ఏ పనీ చేయకూడదు. బదులు పని కూడా. తనిఖీకి వస్తారు."

"తప్పు నాదని నేను రాసిస్తాను సార్. నేనే తప్పుగా నొక్కానని. నలభై మందితో ఆ మాట అనిపించకండి."

"రాసివ్వండి, తీసుకుంటాను. మిమ్మల్ని మళ్ళీ పనికి పిలవరు. కానీ అది చాలదు. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి."

రాసిచ్చి వచ్చాను. ఫారాలు సంచీలో పెట్టుకుని వీధంతా తిరిగాను. ఫోర్‌మన్ బాబాయ్ చదివి వెనక్కిచ్చేశాడు. "సాన మేస్త్రి పెడితే చూద్దాం," అన్నాడు. క్రేను ఆయనా అదే అన్నాడు. వంటావిడా అదే అంది. మా నాన్న చచ్చినా పెట్టడని అందరికీ తెలుసు, అందుకే ఆ మాట అన్నారు.

రాత్రి భోజనాల దగ్గర ఫారం నాన్న ముందు పెట్టాను. ఆయన కంచం పక్కకు జరిపి చదివాడు.

"చేసిన పనిని చేయలేదని రాయాలా?"

"అలా కాదు నాన్నా, అది పని కింద..."

"పని కింద రాదా? రంపం కోస్తోందా లేదా? వెళ్ళి చెల్లెమ్మ ఇంట్లో చూడు, వెన్న కోసినట్టు కోస్తుంది." గొంతు పెంచడం ఆయనకు అలవాటు లేదు, ఆ రోజు పెంచాడు. "వాడు భత్యం తీసేసుకోనీ. నేను దక్షిణాన ఏ నగరానికో పోయి కాపలా పని చేసుకుంటా. పని లేనివాణ్ణని మాత్రం సంతకం పెట్టను."

"యాభై ఏడేళ్ళకు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే మనిషి కాపలా కాస్తాడట," అంది అమ్మ. "దొంగే చెయ్యిచ్చి లేపాలి." ఎవరమూ నవ్వలేదు. ఆమె గరిటె కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. "మీ సంగతి వదిలేయండి. మీరు పెట్టకపోతే ఫోర్‌మన్ పెట్టడు. ఫోర్‌మన్ పెట్టకపోతే వీధిలో ఒక్కడు పెట్టడు. మంచు ఇంకో మూడు వారాల్లో పడుతుంది. ఆయన భార్య చలిలో ఎన్నాళ్ళుంటుందో మీకు తెలీదా? మీరు ఇక్కడ మీసం మీద చెయ్యేసుకుని కూర్చోండి. ఆవిడ పోయాక పోయి ఆయన్ని ఓదారుద్దురుగాని."

నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆకురాయి చప్పుడు కోసం చెవులు రిక్కించి విన్నాను. వినపడలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి మిల్లు చొక్కా వేసుకుని, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. "బస్సుకు టైమైంది. ఫోర్‌మన్‌కి చెప్పి రా," అన్నాడు.

బస్సు చాలక సగం మంది నిలబడి ప్రయాణం చేశారు. జిల్లా ఆఫీసులో పొడుగాటి హాలు, చివర ఒక కిటికీ, వెనక ఒక గుమాస్తా. ఎవరి చేతా చదవకుండా సంతకం పెట్టించుకోకూడదని రూలట, కాబట్టి ఆయన ప్రతి ఫారాన్నీ పైకి చదివి ఔనా కాదా అని అడగాలి. రూలు మంచిదే. అవమానించడానికి చెడ్డ రూళ్ళే అక్కర్లేదని ఆ రోజు నేర్చుకున్నాను.

"గత సర్వేలో నేను చేశానని చెప్పిన పని, పని కాదు," అని చదివాడు గుమాస్తా. చెవులు సరిగ్గా వినపడవు కాబోలు, హాలంతా మోగేలా చదివాడు. "ప్రస్తుతం నేను ఏ పనీ చేయడం లేదు. నా చేతిలో చేయదగ్గ పని ఏదీ లేదు. ఔనా?"

నాన్న మిల్లు చొక్కా కాలరు సరిచేసుకున్నాడు.

"ఔనా కాదా చెప్పండి. వెనక లైనుంది."

"ఔను," అన్నాడు నాన్న.

"గట్టిగా."

"ఔను!"

సంతకం నిలకడగా, అందంగా, జీతం రిజిస్టరులో పెట్టినట్టే పెట్టాడు. పక్కకు జరిగి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెనక ఫోర్‌మన్ బాబాయ్ కిటికీ దగ్గరికొచ్చాడు. ఆయన వెనక క్రేను ఆయన. నలభై ఏడు సార్లు ఆ గుమాస్తా ఆ మూడు ముక్కలూ చదివాడు. నలభై ఏడుగురు ఔనన్నారు. జీవితంలో ఒక్క రోజు ఖాళీగా కూర్చోని మనుషులు. వాళ్ళ నోటితో ఆ మాట అనిపించిన దేశానికి సిగ్గుందా అని ఆ హాల్లో నిలబడి అరవాలనిపించింది. అరవలేదు. ఎవరి సంతకం పొరపాటైనా మళ్ళీ మొదటికొస్తుందని, ఒక్కో ఫారం అందిస్తూ నిలబడ్డాను.

భత్యం ఆగలేదు. గ్రాఫ్ కూడా దిగలేదు, అది వచ్చే ఏడాది పుస్తకంలో చూస్తామన్నారు. బాబాయ్ ఇంట్లో కట్టెల పెట్టె నిండింది, పిన్ని చలికాలం దాటేటట్టే ఉంది. ఆ మాట వరకు నాకు సంతోషమే.

మొదటి మంచు పడే ముందు పక్కింటి అత్తయ్య రంపం పట్టుకుని గోడ పక్కగా వచ్చింది. ఒంటరి మనిషి, కట్టెలు తనే కోసుకుంటుంది.

"అన్నయ్యా, మళ్ళీ మొద్దుబారిందయ్యా. రెండు దుంగలకే చేతులు పడిపోయాయి."

నాన్న రంపం అందుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. బొటనవేలితో పళ్ళు తడిమాడు. నేను కొట్టం తలుపు తీద్దామని లేచాను. ఈలోగా ఆయన రంపాన్ని ఆమె చేతిలో పెట్టేశాడు.

"నేను చేయకూడదు చెల్లెమ్మా. సంతకం పెట్టాను."

అత్తయ్య నా వైపు చూసింది. నేను గొంతు తగ్గించి అన్నాను, "తనిఖీవాళ్ళు వసంతం దాకా రారు నాన్నా. తలుపేసుకుని చేస్తే ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను కదమ్మా," అన్నాడు.

ఆ చలికాలమంతా గోడ అవతల అత్తయ్య ఆ మొద్దు రంపంతోనే కోసుకుంది. అది కర్రలో పట్టేసుకుని కీచుమన్నప్పుడల్లా నాన్న మాట్లాడుతున్న మాట ఆపేసేవాడు. "ఎడమవైపు పళ్ళు వంగాయి. గంట పని," అనేవాడు. అని, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చునేవాడు.